చీటీ చదివాం, గింజను చూడలేదు

పోయిన వానకాలం అక్క వాళ్ల ఊరికి వెళ్లినప్పుడు వసారాలో రెండు వరి విత్తనం బస్తాలు ఉన్నాయి. హాలియా దాటాక సాగర్ ఎడమ కాలువ కింద వాళ్ల పొలం. బావ ఆ ఉదయమే దుకాణం నుంచి తెచ్చారు. బస్తా మూతికి నీలం రంగు చీటీ వేలాడుతోంది. దాన్ని నా వైపు తిప్పి, "ధ్రువీకరించిన విత్తనం, చదువుకో" అన్నారు. రకం పేరు, లాటు నంబరు, పరీక్ష చేసిన తేదీ, గడువు, అన్నీ ఉన్నాయి. బుద్ధిగా చదివాను. అక్క చదవలేదు. కుట్టు దారం లాగి, మూతి విప్పి, రెండు దోసిళ్లు చాటలో పోసుకుని గడప దగ్గర వెలుతురులో కూర్చుంది.

పది నిమిషాలకు చాట అంచున చిన్న గింజలు కొన్ని విడిగా చేరాయి. "చెల్లె, నువ్వు చెట్ల చదువు చెబుతావు కదా, ఇవేమిటో చెప్పు" అంది.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పబట్టి ఇరవై రెండేళ్లు. ఆముదం గింజ బొమ్మను కళ్లు మూసుకుని బోర్డు మీద వేయగలను, భాగాలన్నిటికీ బాణం గుర్తులు పెట్టగలను. చాట అంచున ఉన్నవాటిని చూసి మాత్రం నోరు మెదపలేకపోయాను. ఫోను తీసి ఫొటో తీశాను. మొక్కలను గుర్తుపట్టే యాప్ ఒకటి ఉంటే అందులో పెట్టాను. కొర్ర అంది. ఇంకో ఫొటో పెడితే నువ్వులు అంది. అక్క ఒక గింజను వేలి కొసకు అంటించుకుని నా ముఖం ముందు పెట్టింది. "వీపు ఉబ్బెత్తుగా ఉంది చూడు. తిప్పితే పొట్ట చదును. నున్నగా మెరుస్తోంది. కొస సన్నగా తేలింది. ఇది ఊద, వరిలో కలుపు."

అక్క పదో తరగతి దాటలేదు. ఆ మొక్క శాస్త్రీయ నామం నాకు తెలుసు, కుటుంబం తెలుసు, పరీక్షలో ఎన్ని మార్కులకు వస్తుందో కూడా తెలుసు. గింజే తెలియదు. ఏడాదిగా నా మనసు ఈ ముక్క చుట్టూనే తిరుగుతోంది. విత్తనం కొనే మనిషి దాన్ని మట్టిలో వేసే ముందు ఒకసారి పళ్లెంలో పోసుకుని చూడాలి, పంట గింజ ఏదో కలుపు గింజ ఏదో పోల్చుకోగలగాలి అని నా అభిప్రాయం. వినడానికి ఎవరూ కాదనని మాటలా ఉంటుంది. మా ఇంట్లోనే కాదన్నారు. వాళ్లు అన్నదాంట్లో పస కూడా ఉంది. అందుకే ఇంత పొడుగు రాయాల్సి వస్తోంది.

పద్నాలుగు గింజల పంచాయితీ

"చీటీ ఉన్నాక కూడా అనుమానమేమిటి?" అన్నారు బావ. నాకు ఆవేశం వచ్చింది. జూన్ వచ్చిందంటే జిల్లా పేజీల నిండా నకిలీ విత్తనాల వార్తలే. ఇదీ ఆ బాపతే, పదండి, దుకాణంవాళ్లను నిలదీద్దాం అన్నాను. అక్క ఏమీ మాట్లాడకుండా వంటింటి త్రాసు తెచ్చింది. కిలో తూచి, ఫ్యాను ఆపేసి, ముగ్గురం చాట చుట్టూ కూర్చున్నాం. గంటన్నర పట్టింది. లెక్క తేలేసరికి ఊద గింజలు పద్నాలుగు. అవి కాక అచ్చం వరి గింజల్లాగే ఉండి, కొసకు పొడుగాటి మీసం ఉన్నవి మూడు. ఆ మూడింటి పొట్టు గోరుతో ఒలిస్తే లోపలి బియ్యం ఎర్రగా ఉంది.

రాత్రి కూర్చుని ధ్రువీకరణ ప్రమాణాలు వెతికాను. ధ్రువీకరించిన వరి విత్తనంలో శుద్ధమైన గింజ కనీసం 98 శాతం, మొలక కనీసం 80 శాతం ఉండాలి. కలుపు గింజలు కిలోకు 20 దాకా ఉండవచ్చు. ప్రత్యేకంగా పేరు పెట్టి అభ్యంతరకరమని చెప్పిన అడవి వరి గింజలు కూడా కిలోకు 5 దాకా ఉండవచ్చు. మావి ఊద పద్నాలుగూ, అడవి వరి బాపతైన ఆ మీసాల గింజలు మూడూ, కలిపి పదిహేడు. బస్తా పాసైంది. పొద్దున ఆ సంగతి చెబితే బావ టీ గ్లాసు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు, మధ్యాహ్నం దాకా ఆపలేదు.

ఆయన నవ్వడం న్యాయమే. అయితే ఆ రాత్రి ఇంకో లెక్క కూడా వేశాను. కిలోకు 20 అంటే 30 కిలోల బస్తాలో 600 కలుపు గింజలున్నా నియమం ప్రకారం అది మంచి విత్తనమే. ఊద మొక్క ఒక్కటి కంకి వేసిందంటే రాల్చే గింజలు వేలల్లో ఉంటాయి. 'ఇందులో కలుపు లేదు' అని ఆ నీలం చీటీ ఏనాడూ చెప్పలేదు, మనమే అలా చదువుకున్నాం. పైగా వరిలో ఒక లాటు, అంటే ఒకే నంబరు కింద కలిపి పరీక్షించే విత్తన రాశి, 20,000 కిలోల దాకా ఉండవచ్చు. కొన్ని బస్తాల నుంచి కాస్త కాస్త తీసి కలిపిన నమూనాలో, ప్రయోగశాల బల్ల మీద గింజ గింజా విడదీసి చూసేది గ్రాముల లెక్కలోనే. ఆ పని వాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకునే చేస్తారని నా నమ్మకం. అయినా చీటీ చెప్పేది లాటు సంగతి. మన వసారాలో ఉన్న బస్తా సంగతి తెలియాలంటే చాటలో పోసుకోవాల్సిందే.

ఈ మాట గొప్పగా అక్కతో అంటే ఆమె విసుక్కుంది. "దుకాణం మీదికి వెళ్దామని నేనన్నానా? నారుమడిలో ఊద వస్తుందని తెలిసింది. నాకు కావలసింది అంతే." ఇరవై రోజుల నారులో ఊదనూ వరినీ నిలబడి చూసి ఎవరూ విడదీయలేరు. ఒకటే పచ్చ, ఒకటే ఎత్తు. ఆకు కాండాన్ని పట్టుకునే మెడ దగ్గర వంచి చూడాలి. వరికి అక్కడ పల్చటి తెల్లని నాలుక, దాని పక్కన నూగున్న చెవులు ఉంటాయి. ఊద మెడ బోసిగా ఉంటుంది. నారు పీకే రోజున అక్క కూలీలకు ముందే చెప్పింది, ఈ మడిలో ఊద ఉంది, మెడ చూసి కట్ట కట్టండి అని. అదే దుకాణంలో అదే రకం తెచ్చుకున్న పక్క మడి వాళ్లకు ఆ మాట చెప్పేవాళ్లు లేకపోయారు. నాటు వేసిన నెలన్నరకు వాళ్ల చేలో ఊద కంకులు వరిని దాటి తలెత్తాయి.

విత్తనం చూడటం అంటే దొంగను పట్టుకోవడమని అప్పటిదాకా నా ఊహ. అక్క దొంగ కోసం చూడలేదు, ముందున్న పని కోసం చూసింది. నా అభిప్రాయం మొదట మొలిచిందీ ఆ తేడా దగ్గరే.

అమ్మమ్మ గోరు

మా అమ్మమ్మది కల్వకుర్తి వైపు. అప్పట్లో కాలువలు లేని ఎర్ర చెలకలు. జొన్న, కంది, ఆముదం. విత్తనం 'కొనడం' అనే మాట ఆమె నోట నేను విన్నది పత్తి వచ్చాకే. జొన్న చేలో పంట నిలబడి ఉండగానే విత్తనానికి కంకులు ఎంచేది. ఎంచిన కంకిలోంచి ఒక గింజ పీకి, కంకిని అంటుకుని ఉండే అడుగు కొసను వెలుతురుకు తిప్పేది. అక్కడ నల్లటి చుక్క ఉంటే కోసేది, లేకపోతే ఆ కంకిని వదిలేసి ముందుకు నడిచేది. తల్లి మొక్క నుంచి గింజకు ఆహారం అందే దారి మూసుకుపోయినప్పుడు ఆ చుక్క పడుతుందని, గింజ పూర్తిగా ముదిరిందనడానికి అది గుర్తని నేను చాలా ఏళ్ల తర్వాత పుస్తకంలో చదివాను. ఆమె 'బొట్టు పెట్టుకుంది' అనేది.

ఆముదం గింజలు నాకు ఆటవస్తువులు. గోధుమ రంగు మీద చారలు, మచ్చలు, ఒక కొసన తెల్లని బుడిపె. ఒకేలాంటి మచ్చలున్న జత కోసం గుప్పెళ్లకు గుప్పెళ్లు పరుచుకుని వెతికేదాన్ని, దొరికేది కాదు. "గోమార్లతో ఆడకు బిడ్డా" అని కసిరేది అమ్మమ్మ. పశువు ఒంటిని పట్టి రక్తం తాగి ఉబ్బిన గోమారి అచ్చం అలాగే ఉంటుంది మరి. ఆముదానికి శాస్త్రం పెట్టిన రిసినస్ అనే పేరుకు లాటిన్‌లో అర్థం గోమారే. రోములోనూ కల్వకుర్తిలోనూ కొట్టం ఊడ్చేవాళ్లకు ఒకటే తట్టింది. ఈ కథ చెప్పాక మా పిల్లలెవరూ ఆముదం గింజ బొమ్మలో ఆ బుడిపె పెట్టడం మరిచిపోలేదు.

ఇక్కడిదాకా రాసి ఆగాను. అమ్మమ్మల కాలమే బంగారం అనే పాట ఎత్తుకుంటున్నానేమోనని నాకే అనుమానం వచ్చింది. ఎందుకంటే చాట ఒక పాడు పని కూడా చేసింది. రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ గమనించిన సంగతి ఇది. మనిషి తరతరాలుగా తూర్పారబడుతూ, జల్లెడ పడుతూ, చేత్తో ఏరుతూ వచ్చిన పొలాల్లో పంటకు భిన్నంగా కనిపించిన కలుపు ఎప్పటికప్పుడు బయటికి పోయింది. పంటను పోలిన కలుపు తప్పించుకుని విత్తనంలో కలిసి మళ్లీ పొలానికే చేరింది. అవిసె చేలలో పెరిగే ఆవాల జాతి కలుపు ఒకటుంది. తూర్పారబట్టినప్పుడు అవిసె గింజ ఎంత దూరంలో పడుతుందో అంతే దూరంలో పడేలా దాని గింజ మారిపోయింది. కంటికి దొరకని కలుపును తయారు చేసింది మన కళ్లే. నారుమడిలో ఊద వరి వేషం కట్టడం వెనక కూడా తరాల తరబడి సాగిన కలుపుతీత ఉంది. అమ్మమ్మ గోరు ఎంత గొప్పదైనా, ఆ గోటికి చిక్కనివే మన దాకా వచ్చాయి.

అయితే చూడటం మానేద్దామా? నాకలా అనిపించదు. వేషం ఎంత బాగా కట్టినా మెడ దగ్గరో పొట్ట దగ్గరో ఒక కుట్టు ఊడి ఉంటుంది. చూసేవాళ్లు కూడా వేషంతో పాటు ముదరాలి.

ఏ గింజ దొరికింది

ఎన్ని దొరికాయన్నదానికంటే ఏవి దొరికాయన్నది నాకు ఇప్పుడు ఎక్కువ ఆసక్తి. ఊద గింజ సుమారు మూడు మిల్లీమీటర్లు. వరి గింజ అంతకు రెట్టింపు దాటుతుంది. జల్లెడ సరైనదైతే ఊద కిందికి రాలిపోవాలి. బస్తాలో ఊద కనబడిందంటే శుద్ధి యంత్రం దగ్గర ఎవరో తొందరపడ్డారు. తాలు ఎక్కువుంటే గాలి సరిగ్గా పెట్టలేదు. ఇవి పెద్ద నేరాలు కావు.

మీసమున్న ఎర్ర బియ్యం గింజ సంగతి అలా కాదు. పొడవూ బరువూ వరివే కాబట్టి ఏ జల్లెడా దాన్ని ఆపలేదు. ఆపాల్సింది పొలంలో, పంట ఈనే వేళ వరుసల వెంట తిరిగి బెరుకులను, అంటే ఆ రకానికి చెందని మొక్కలను, ఏరే మనిషి. అలాంటి బెరుకులు పెరిగిన మడిని ఎవరో చూసీ చూడనట్టు వదిలేస్తేనే అది బస్తాలోకి వస్తుంది. వచ్చాక మన మడిలోనూ ఈనే దాకా దొరకదు, ఈనాక కోతకు ముందే గింజ రాల్చుకుంటుంది, మరుసటి ఏడుకు విత్తనం మనం కొనకుండానే తయారు. నన్నడిగితే పద్నాలుగు ఊద గింజల కంటే ఆ మూడింటికే ఎక్కువ భయపడాలి. కిలోకు ఇరవై, ఐదు అని ప్రమాణాలు రాసినవాళ్లకు కూడా ఇది తెలుసు. లేకపోతే అడవి వరికి వేరే గీత గీసేవారు కాదు.

గింజను చూడటంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం రంగును ఆఖరున అడగాలని. తడిస్తే రంగు మారుతుంది, పాతబడితే మారుతుంది, పచ్చిగా కోస్తే మారుతుంది. మినుములు నల్లగా, పెసలు పచ్చగా ఉంటాయని చిన్నప్పటి నుంచి అనుకుంటాం. పచ్చటి మినుములూ ఉన్నాయి, నల్లటి పెసలూ ఉన్నాయి. బొడ్డు చూడాలి, అంటే గింజ కాయను అంటుకుని ఉన్నచోటి మచ్చ. మినుము బొడ్డు తెల్లగా, అంచు లేచి, మధ్య గుంటగా ఉంటుంది. పెసర బొడ్డు గింజ ఒంటితో సమంగా, చదునుగా ఉంటుంది. ఆకారం, పైపొర గరుకా నునుపా, బొడ్డు ఎక్కడ ఉంది, మీసమో రెక్కో ముల్లో ఏదైనా ఉందా అన్నవి ముందు చూసుకుంటే రంగు అడగాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

రంగు వేసిన గింజ

బావ కంటే గట్టిగా నన్ను ఎదిరించింది చిన్నాన్న కొడుకు. చండూరు వైపు పత్తి వేస్తాడు. నేను ఈ ఊద కథ చెబుతుంటే లోపలికి వెళ్లి 475 గ్రాముల పత్తి ప్యాకెట్ తెచ్చి, కోసి, నా అరచేతిలో కొన్ని గింజలు పోశాడు. "ఇందులో ఏం చూస్తావో చూడు అక్కా" అన్నాడు.

అన్నీ ఒకటే గులాబీ రంగు. పత్తి గింజకు పుట్టుకతో వచ్చే నూగును ఆమ్లంతో తీసేసి, మందు పట్టించి, రంగు అద్దుతారు. అసలు పైపొర గోధుమ రంగో నలుపో, ముదిరిందో లేదో నాకు కనబడలేదు. ఇక లోపల పురుగును తట్టుకునే బీటీ జన్యువు ఉందా, మన దేశంలో అనుమతి లేని కలుపుమందు తట్టుకునే జన్యువు ఉందా అన్నది ఏ భూతద్దానికీ అందదు. దానికి పరీక్ష పట్టీలు కావాలి, ప్రయోగశాల కావాలి. మొలక సంగతీ అంతే. చచ్చిన గింజా బతికిన గింజా పక్కపక్కన నిగనిగలాడతాయి. వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి వారం ఆగితే తప్ప తెలియదు. గింజ మరీ చిన్నదైనా కళ్లు చేతులెత్తేస్తాయి. జొన్న వేరును పట్టుకుని పీల్చే జొన్న మల్లె గింజ మిల్లీమీటరులో మూడో వంతు ఉంటే ఎక్కువ. అది గింజలా కాక ధూళిలా ఉంటుంది. పక్కన జొన్న వేరు వాసన తగిలే దాకా ఏళ్లకు ఏళ్లు మట్టిలో పడి ఉంటుంది. చాటలో దాన్ని ఏరగల అమ్మమ్మ పుట్టలేదు.

అదే తమ్ముడు అంతకు రెండేళ్ల ముందు విడి సంచిలో తక్కువ ధరకు దొరికిన పత్తి గింజలు వేసి నష్టపోయాడు. ఎందుకు కొన్నావని అడిగితే చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తు. "ఒకే తీరుగా ఎర్రగా ఉన్నాయి, కంపెనీవే అనుకున్నాను."

1869లో బ్రిటన్‌లో విత్తనాల కల్తీని ఆపడానికి ఒక చట్టం చేశారు. అందులో ప్రధానంగా పట్టుకున్న నేరాలు రెండు. ఒకటి గింజను చంపడం, అంటే మొలకెత్తకుండా చేసి ఖరీదైన విత్తనంలో కలపడం. రెండోది గింజకు రంగు వేసి మరో విత్తనంలా అమ్మడం. అదే ఏడాది జర్మనీలోని థారంట్‌లో ఫ్రెడ్రిక్ నోబె అనే ఆయన తొలి విత్తన పరీక్ష కేంద్రాన్ని మొదలుపెట్టాడు. ఇప్పుడు విత్తనానికి రంగు వేయడానికి మంచి కారణమే ఉంది. మందు పట్టించిన గింజను ఎవరూ పొరపాటున తినకూడదు, పశువులకు పెట్టకూడదు. కారణం మంచిదే కానీ, చూడటానికి గింజకు మిగిలిన ఒంటిని ఆ రంగు కప్పేసింది, పైగా తనే మంచి విత్తనానికి గుర్తుగా కూర్చుంది. మా తమ్ముడికి ఆ సంచి అమ్మినవాడికి ఒక రంగు డబ్బా సరిపోయింది.

కాబట్టి నా వాదనకు నేనే కత్తెర వేసుకున్నాను. జన్యువు, మొలక, తెగులు ఇవన్నీ ప్రయోగశాల పనులు. కంటికి మిగిలేది గింజలో మరో గింజ కలిసిందా అన్న ఒక్క ప్రశ్నే. వరి, జొన్న, కంది, పెసర, మినుము, నువ్వులు వేసేవాళ్లకు అది చిన్న ప్రశ్న కాదని మాత్రం ఇప్పటికీ అంటాను. మన రాష్ట్రం దేశానికి విత్తన భాండాగారమని చెప్పుకుంటాం. 1924లో పుట్టిన అంతర్జాతీయ విత్తన పరీక్ష సంఘం 2019లో తన మహాసభను హైదరాబాద్‌లో జరుపుకుంది. అంత ఘనత ఉన్నచోట ఇరవై రెండేళ్ల వృక్షశాస్త్రం టీచరుకు ఊద గింజ తెలియలేదంటే ఆ టీచరుకూ సిగ్గు, ఆమె చెప్పిన పాఠానికీ సిగ్గు.

నా గునుగు తోట

తెలియని టీచరు అంతటితో ఊరుకుందా? లేదు. అదే జూన్‌లో అక్క ఇంటి అటక మీద ఒక గురిగిలో నల్లటి గింజలు దొరికితే తోటకూర విత్తనమని పొట్లం కట్టుకుని నల్లగొండ తెచ్చుకున్నాను. పెరట్లో మడి చేసి చల్లాను. బాగా మొలిచాయి. ఆకు సన్నగా పొడుగ్గా వస్తోంటే ఇదేదో దేశవాళీ రకమని పక్కింటివాళ్లకు చెప్పాను, ఒకసారి పప్పులో వేసి వండాను కూడా. సెప్టెంబరుకు కొసలన్నీ గులాబీ, తెలుపు కలిసిన కుచ్చులు వేశాయి. గునుగు!

రెండూ ఒకే కుటుంబం. రెండు గింజలూ నల్లగా, మిలమిలా, పప్పుబిళ్ల ఆకారంలో ఉంటాయి. ఆ తర్వాత పదిరెట్లు చూపే అద్దం కొన్నాను. తోటకూర గింజ కాస్త చిన్నది, చుట్టూ నాణెం అంచులా సన్నటి గట్టు ఉంటుంది. గునుగు గింజ కొంచెం పెద్దది, ఆ గట్టు అంత తేటగా ఉండదు, పైపొర మీద చాలా సన్నటి వలలాంటి గీతలుంటాయి. విడిగా చూస్తే ఇప్పటికీ తడబడతాను. పక్కపక్కన పెడితే తడబడను. బొమ్మలు చూసి నేర్చుకోవడం, యాప్‌ను అడగడం ఎందుకు సరిపోవో నాకు అప్పుడు తెలిసింది. గింజకు తోడుగా ఇంకో గింజ కావాలి.

ఈ కథ విని అక్క కోప్పడింది. ఆ గురిగిలోవి ఆమె కావాలనే దాచుకున్నవట. జొన్న చేలు పోయాక ఊరి చుట్టుపక్కల గునుగు తగ్గిందని, బతుకమ్మకు అంగట్లో కొనాల్సి వస్తోందని గట్టు మీద చల్లడానికి పెట్టుకుందట. జొన్న రైతుకు కలుపు, బతుకమ్మ పేర్చే మనిషికి విత్తనం. ప్రమాణాల పట్టికలో దీన్ని ఏ వరుసలో రాయాలో నాకు తెలియదు. ఆ ఏడాది సద్దుల బతుకమ్మకు మా వీధి వాళ్లంతా మా పెరట్లోనే కోసుకున్నారు.

ఇంజక్షన్ సీసాలు

ఆ దసరా సెలవుల తర్వాత కాలేజీలో ఒక పని మొదలుపెట్టాను. మందుల దుకాణం నుంచి ఖాళీ ఇంజక్షన్ సీసాలు తెచ్చి కడిగి, ఒక్కో దాంట్లో ఒక్కో గింజ వేసి చెక్కపెట్టెలో వరుసగా పెట్టడం. పంట గింజ పక్కనే దాన్ని పోలిన గింజ ఉండాలన్నది ఒక్కటే నియమం. ఇప్పటికి నలభై సీసాలు దాటాయి. మిరప పక్కన ఉమ్మెత్త ఉంది. రెండూ బల్లపరుపే, రెండూ గోధుమ పసుపే. ఉమ్మెత్తది మూత్రపిండం ఆకారం, ఒంటి నిండా గుంటలు. దేవరకొండ దగ్గర తండా నుంచి వచ్చే అమ్మాయి మరులమాతంగి కాయ తెచ్చి కోసి చూపించింది, లోపల రెండు గింజలు. వాటిలో ఒకటి ముందు మొలుస్తుంది, రెండోది ఆగి తర్వాత మొలుస్తుంది. ముందు మొలిచిన మొక్కను పీకేశామని మనం సంబరపడేలోపు తమ్ముడు సిద్ధం. నేను చెప్పకముందే ఆ అమ్మాయికి ఇది తెలుసు.

పిల్లలు అన్నిటికంటే ఎక్కువసేపు చూసేది ఆవాల సీసాను. దాని పక్కన పసుపు పూలు పూసే ముళ్ల బ్రహ్మదండి గింజలున్నాయి. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి నూనె కలిసి 60 మందికి పైగా చనిపోయారు. ఒళ్లు వాచి, ఊపిరాడక. ఆవగింజ నున్నగా ఉంటుంది, నలిపితే లోపల పసుపు. బ్రహ్మదండి గింజ గరుకుగా, వల అల్లినట్టు ఉంటుంది, నలిపితే లోపల తెలుపు. ఈ పరీక్షకు కావలసింది రెండు గోళ్లు. మనం ఇంట్లో ఆవనూనె వాడం కదా మేడం అని ఒక అబ్బాయి అన్నాడు, నిజమే. పోపుల పెట్టె మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉంది.

ఈ పెట్టె గురించి గొప్పలు పోతుంటే బావ మళ్లీ అడ్డం పడ్డారు. ఆయన ప్రశ్న మొదటి రోజు నుంచీ ఒకటే. జూన్‌లో ముగ్గురు మనుషులు గంటన్నర కూర్చుంటే కూలి ఎంత? కిలో ఏరడం నా అతి అని ఒప్పుకుంటాను. రెండు దోసిళ్లు, పది నిమిషాలు చాలు. అసలు ఇబ్బంది ఆయన అడగనిది. చూడాలి, చూడాలి అని నేను రాస్తుంటే, చూసేది ఎవరు? ఎండబెట్టడం, చెరగడం, ఏరడం, నారు పీకడం, కలుపు తీయడం చేసే అక్క మీదికే ఈ పనీ వచ్చి పడుతుంది. చాట ఆమె చేతిలో ఉంటుంది, చీటీ ఆయన జేబులో ఉంటుంది. ఆడవాళ్ల నేర్పును మెచ్చుకుంటూ వాళ్ల నెత్తిన ఇంకో గంప పెట్టడం నాకు సుతరామూ ఇష్టం లేదు. దీనికి జవాబు నా దగ్గర సిద్ధంగా లేదు. బావకే ఒక పదిరెట్ల అద్దం కొనిచ్చాను.

మొన్న కొత్త బస్తాలు వచ్చాయి. సాయంత్రం బావ నుంచి ఫోనుకు ఫొటో వచ్చింది. స్టీలు పళ్లెంలో విడిగా పెట్టిన గింజలు, కింద 'తొమ్మిది' అని రాశారు. వెంటనే ఫోను చేసి, "ఎనిమిది ఊద. ఆ చివరిది వేరు. మీ అక్కకూ తెలియట్లేదు, చెప్పు" అన్నారు. పెద్దది చేసి చూశాను. ఉబ్బెత్తుగా, నున్నగా ఏదో ఉంది.

"బావా, వీపు వైపు తీశారు. తిప్పి పొట్ట వైపు తీయండి" అన్నాను.

తిప్పబోతే గింజ ఎగిరి ఎక్కడో పడిందట. చాప దులుపుతున్న చప్పుడు వినబడుతోంది.